డ్రెస్సర్ ప్రేమ్‌రాజ్, తొమ్మిది మంది పాలోళ్లు

ప్రేమ్‌రాజ్ సార్‌కు నేను మొదటిసారి ఫోన్ చేసింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మా నాయనమ్మ కాలి పుండు కడిగి కట్టు కట్టాలె, రేపు వస్తరా అని అడిగిన.

"జ్వరమున్నదా?" అన్నడు.

"లేదు సార్."

"పుండు కాడికెల్లి మీదికి ఎర్రగ గీతలు పాకినయా?"

"లేవు."

"అయితే ఆదివారం పొద్దున వస్త బిడ్డా. మేము శుక్రవారం పొద్దుగూకినప్పటి సంది శనివారం చుక్కలు పొడిచేదాక పని ముట్టం. ఆలోపు జ్వరమొస్తె మాత్రం ఎప్పుడైన సరే మనిషిని తోలు, ఉరికొస్త. ప్రాణం ముంగట ఏ నియమం నిలవదు."

పక్కన నిలబడి విన్న మా బాపు రాజన్న నెత్తి గోక్కున్నడు. "సర్కారు దవఖానల ముప్పై ఏండ్లు డ్రెస్సర్‌గ చేసినాయన అంటివి. ఈ శనివారం పట్టింపు ఏంది? ఎవలు వీళ్లు?"

నాకూ తెల్వదు. నా పేరు నందిని. అప్పుడు నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న. వార్డుల ఒక పెద్ద సిస్టర్ నాకు ఆయన నంబరు ఇచ్చింది. హస్తవాసి మంచిదని, షుగర్ పుండ్లను ఆయన చూసినట్టు డాక్టర్లు కూడ చూడరని చెప్పింది. అంతే.

నాయనమ్మ పేరు రుక్మాబాయి. డెబ్బై రెండేండ్లు. ఫలక్‌నుమా పోయే తొవ్వల మాకు పాల దొడ్డి ఉండె. ఆమె కాపురానికొచ్చిన నాటికి ఆరు బర్రెలు, మా తాత చచ్చిపోయిన నాటికి ముప్పై. రోడ్డు వెడల్పుల దొడ్డి పోయింది, దాని ఎనక ఇల్లు సగం పోయింది. బర్రెలను చిన్నతాత మైసయ్య ఊరి బయట తన దొడ్డికి తోలుకపోయిండు. మేము సంతోష్‌నగర్‌ల రెండో అంతస్తుల కిరాయికి దిగినం. బాపు, అన్న శ్రవణ్, మా చిన్నాయనలు రోజూ పొద్దుగాల్నే మైసయ్య తాత దొడ్డికి పోయి పాలు పిండుకొని ఇండ్లకు పోసొస్తరు. ఆడోళ్లం ఎట్లనో ఇల్లు నడుపుకొస్తున్నం. నాయనమ్మ ఒక్కతే ఆగిపోయింది.

దొడ్డి మూలకు ఒక చిన్న మైసమ్మ రాయి ఉండె. పసుపు, కుంకుమ, పొద్దున మొదటి పాల చుక్క ఆమెకే. మిషనొచ్చి గోడలు కూలగొట్టిన మర్నాడు, ఎవరికీ చెప్పకుండ నాయనమ్మ ఆ పెంకుల్లోకి పోయి రాయిని ఎతికింది. దొరకలే. మట్టితోని కలిపి ఏ లారీల పోసుకపోయిండ్రో. ఎతుకుతుంటె తుప్పు పట్టిన ఇనుప చువ్వ కాలి బొటనవేలు కింద దిగింది. చీర అంచుతోని తుడుచుకొని ఇంటికొచ్చింది. షుగరున్న మనిషి, నొప్పి తెల్వలే. తెలిసినా చెప్పకపోవు. నెల తర్వాత వాసన పట్టి నేను చూసేసరికి రెండు వేళ్లు నల్లబడ్డయి. ఆ వేళ్లు తీసేసి, పుండు శుభ్రంగ మానకపోతె మోకాలు దాక తీయాల్సొస్తదని డాక్టరు చెప్పిండు. రోజూ కట్టు కట్టాలె. నాయనమ్మ ఎవల్నీ ముట్టనియ్యదు.

"తియ్యున్రి. మొత్తం తియ్యున్రి. నడిచి ఏడికి పోయేదున్నది నాకు?" అన్నది.

ఆదివారం సారు వచ్చిండు. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం, తల మీద చిన్న గుండ్రటి టోపీ. చేతులు కడుక్కొని నాయనమ్మ మంచం పక్కన నేల మీద కూసున్నడు. సంచి విప్పలే.

"అమ్మా, నేను ప్రేమ్‌రాజ్. ఫలక్‌నుమా స్టేషన్ కాడ ఉంట. మీ దొడ్డి పాలు తాగి పెరిగిన."

నాయనమ్మ మొకం ఇటు తిప్పింది. "ఎవలి కొడుకువు?"

"రైల్వేల గ్యాంగ్‌మన్ చేసిండు మా నాయిన. మా అమ్మ మాణిక్యమ్మ. ఇంకున్నది. ఎనబై ఎనిమిది."

"కిరస్తానోళ్లా?"

"మా ఆవిడ పుట్టింటోళ్లు కిరస్తానోళ్లు. మేము యూదులం అమ్మా. గుంటూరు దిక్కు మావోళ్లు కొంతమంది ఉన్నరు. ఇక్కడ మేము ఒక్క ఇల్లే."

యూదులంటె ఏందో నాయనమ్మకు తెల్వదు. దొడ్డి పాలు తాగినోడన్నది తెలిసింది. ఇంకేం అడగకుండ కాలు కొంచెం ఇవతలికి జరిపింది.

కట్టు విప్పేముందు సారు అన్నడు: "నొప్పయితె మాఫ్ చెయ్యమ్మా." నొప్పి లేని కాలుకు మాఫీ ఎందుకో నాకు సమజ్ కాలే. కట్టిన ప్రతిరోజు ఆ మాట అన్నడు. ఏడు నెలలు.

పుండు కడుగుడు గంట పడుతుండె. ఉప్పు నీళ్లు పోసుకుంట, చచ్చిన తోలు కత్తిరించుకుంట ముచ్చట పెడుతుండె. మొదట్ల నాయనమ్మ వింటున్నదో లేదో తెల్వకపోతుండె. ఒకనాడు సారు లోకం పుట్టుక చెప్పిండు.

"మా నాయిన ఒక నోటుబుక్కు రాసిపెట్టిండు. వాళ్ల ఊరికొచ్చిన ఒక పెద్దాయన చెప్పిన మాటలు దాంట్ల ఉన్నయి. దేవుడు లోకం చేసేటప్పుడు తన వెలుగును కుండల్ల పోసిండట. కుండలు ఓర్వలేకపోయినయి. పగిలినయి. వెలుగు తుంపర్లు తుంపర్లయి అన్నిట్ల పడ్డది. రాయిల, చెట్టుల, మనిషిల. పెంకుల కింద పడ్డ ఆ వెలుగును ఒక్కొక్కటే లేవట్టి మళ్ల పైకి పంపుడే మనిషి పని అంటరు."

నాయనమ్మ నవ్వింది. ఇల్లు కూలినంక ఆమె నవ్వుడు అదే మొదలు. "పాలకుండ పగిలితె నేల మీది పాలు ఏరుతరా బిడ్డా?"

"ఏరాలెనమ్మా. గదే కష్టం."

"నీకు కుండలు మోసుడు తెల్వదు. ఒలికిన పాలు కుక్కలు నాకుతయి."

సారు కొత్త దూది తీసిండు. "కుక్క కడుపు నిండుతది గద. దాంట్ల కూడ ఇంత వెలుగుంటది."

ఆ మాట నాయనమ్మ రెండు రోజులు అందరికీ చెప్పింది. వెక్కిరించుకుంటనే చెప్పింది గని, చెప్పింది.

వానాకాలం మొదట్ల ఒకనాడు పుండుల మళ్ల చీము పట్టింది. నాయనమ్మ ఆ పొద్దున ఏం తినలే. సారు అడిగితె గోడ దిక్కు చూసుకుంట అన్నది:

"మైసమ్మ ఏమైందో. నేను ఈడ మెత్తటి పరుపు మీద పండుకున్న. ఆమె ఏ గుంతల పడ్డదో. ఇంట్లున్న దేవతను ఇడిసిపెట్టి వచ్చినోళ్లం, మేము బతికి ఏం లాభం?"

సారు చేతుల కత్తెర ఆగింది. ఆయన ఎట్ల జవాబు చెప్తడా అని నేను చూస్తున్న. ఎందుకంటె వాళ్ల దాంట్ల బొమ్మకు, రాయికి మొక్కుడు లేదని నాకు అప్పటికి తెలుసు.

"అమ్మా, రాయి సంగతి నేను చెప్పలేను. మా ధర్మంల అది లేదు, నీ ముంగట అబద్ధమాడను. మావోళ్ల ముచ్చట ఒకటి చెప్త, విను. ఎన్నటిదో కాలంల మాకు ఒక గుడి ఉండె. దేవుని ఇల్లు. శత్రువులొచ్చి కాలబెట్టిండ్రు. జనాన్ని సంకెళ్లేసి దేశాలు దాటించిండ్రు. అప్పుడు పెద్దలు అడిగిండ్రట: ఇల్లు కాలిపోయింది గద, దేవుడు ఏడున్నడు? పైకి పోయిండా, ఆ బూడిదల్నే ఉన్నడా? జవాబేందంటె, దేవుడు మన దగ్గరుండే ఆ దగ్గరతనం ఉన్నది చూడు, దానికి షెఖీనా అని పేరు. తల్లి లెక్క అనుకుంటరు. ఆ తల్లి సంకెళ్లేసుకున్నోళ్ల ఎనక నడిచింది. బిడ్డలు ఏ దేశం పోతె ఆ దేశం పోయింది. వాళ్లు ఏడిస్తె ఏడ్చింది. వాళ్లు తిరిగొచ్చినప్పుడే ఆమె కూడ ఇంటికొస్తది. అప్పటిదాక ఆమెకు కూడ ఇల్లు లేదు."

"ఆమెకూ ఇల్లు లేదా?" నాయనమ్మ ఇటు తిరిగింది.

"లేదు. వనవాసం ఆమెకూ వచ్చింది. మనల్ని ఇడిసిపెట్టి హాయిగ కూసున్న దేవుడైతె నేనెందుకు మొక్కుదు?"

నాయనమ్మ అప్పుడేడ్చింది. గోడలు కూలిననాడు ఏడ్వలే, వేళ్లు తీసిననాడు ఏడ్వలే. ఇప్పుడు కొంగు నోట్ల కుక్కుకొని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. సారు కాలును ఒళ్లె పెట్టుకొని అట్లనే కూసున్నడు. ఏడ్పు ఆగినంక కట్టు కట్టి పోయిండు. ఆ మధ్యాహ్నం నాయనమ్మ జొన్నరొట్టె అడిగి తిన్నది.

తర్వాతి నుంచి అడుగుడు ఆమె వంతయింది. ఆత్మ ఎట్లుంటది అని అడిగింది. ఒక్కటి కాదమ్మా అన్నడు. నెత్తుట్ల ఉండి ఆకలి దప్పి ఎరిగేది ఒకటి, ఊపిరిల ఉండి కోపం ప్రేమ ఎరిగేది ఒకటి, దాని మీద దేవున్ని ఎరిగేది ఒకటి. ఇంకా పైన ఉన్నయట గని అవి మనకు అందయి. శుక్రవారం సాయంత్రం మాత్రం ప్రతి మనిషికి ఇంకొక ఆత్మ చుట్టమొచ్చినట్టు వస్తదట, శనివారం చుక్కలు పొడిచినంక పోతదట. "అందుకే ఆ ఒక్క దినం పని చెయ్యం. చుట్టాన్ని ఇంట్ల కూసోబెట్టి పనికి పోతమా?"

ఇది విన్న మా బాపు, శనివారం లొల్లి ఇంక ఎన్నడూ ఎత్తలే.

ఇంకోనాడు నాయనమ్మ అడిగింది: "అందర్ని తిరిగి ఇంటికి తోలుకపోయేటాయన వస్తడంటివి. ఎప్పుడొస్తడు?"

"మెస్సీయనా? ఎప్పుడన్నది ఎవలికీ తెల్వదు. ఏడున్నడో మాత్రం మా నాయిన చెప్పిండు." సారు అప్పుడు తన ముచ్చట చెప్పుకున్నడు. దవఖానల చేరిన కొత్తల ఆయనకు మస్తు శరమైతుండెనట. పుండ్లు కడిగేటోడని దోస్తులు పక్కన కూసొని తినకపోదురు. కొలువు ఇడిసిపెడ్తనంటె వాళ్ల నాయిన కూసోబెట్టి చెప్పిండట. మెస్సీయ పట్నం దర్వాజ కాడ, పుండ్లతోని ఉన్న గరీబోళ్ల నడుమ కూసున్నడు. మిగతావాళ్లు కట్లన్నీ ఒక్కసారే విప్పుకొని, కడుక్కొని, మళ్ల కట్టుకుంటరు. ఆయన ఒక్క కట్టే విప్పుతడు, కడతడు, అప్పుడు ఇంకోటి విప్పుతడు. పిలుపు వస్తె లేచి పోవుడు ఆలస్యం కావద్దని.

"మా నాయిన ఇంతే అన్నడు: దర్వాజ కాడ కూసున్నోళ్లల్ల ఎవలు ఆయనో నీకు తెల్వదు కొడుకా. అందరికీ మంచిగ కట్టు."

ముప్పై ఏండ్లు ఆయన ఆ కొలువుల ఎట్లున్నడో నాకు ఆనాడు అర్థమైంది.

ఏడో నెలకు పుండు పూడింది. వేళ్లు లేని కాలుకు సరిపోయే చెప్పు కుట్టించుకొని నాయనమ్మ నడిచింది. మొదట ఏడికి పోతవని బాపు అడిగితె, "మాణిక్యమ్మ కాడికి" అన్నది.

ఒక శుక్రవారం సాయంత్రం నేనే ఆటోల తోలుకపోయిన. సారు ఇల్లు రెండు గదులు. మాణిక్యమ్మకు చూపు దాదాపు పోయింది. సారు భార్య వీణత్త రెండు దీపాలు ముందర పెట్టి అగ్గిపుల్ల చేతికిస్తె, తడుముకుంట వెలిగించి, రెండు చేతులతోని కండ్లు మూసుకొని ఏదో చదివింది. తర్వాత చెయ్యి చాపి నాయనమ్మ చెయ్యి పట్టుకున్నది.

"రామ్మా, కూర్చో. మా వాడు రోజూ నీ కాలి సంగతే చెబుతాడు. నీ పేరు కంటే నీ కాలే నాకు బాగా తెలుసు."

ఇద్దరు ముసలోళ్లు చెయ్యి ఇడువలే. మాణిక్యమ్మ పదహారేండ్లకు గుంటూరు దిక్కు నుంచి పెండ్లి చేసుకొని వచ్చింది. ఇక్కడి మాట నేర్వడానికి పదేండ్లు పట్టిందట, నేర్చినంక కూడ పలకబుద్ధి కాలేదట. నాయనమ్మ బర్రెల పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పింది, ముప్పై పేర్లు. ఏ బర్రె ఎట్ల తంతదో కూడ చెప్పింది. మాణిక్యమ్మ విసుక్కోకుండ విన్నది. అప్పటి సంది ప్రతి శుక్రవారం నాయనమ్మ ఆడికే పోయేది. పోయేటప్పుడు లీటరు పాలు. రెండేండ్లు నడిచింది ఆ దోస్తానా.

పోయిన ఏడు కార్తీకంల, ఒక సోమవారం తెల్లారి, మాణిక్యమ్మ నిద్రలనే పోయింది. వీణత్త ఫోన్ చేస్తె నేను, నాయనమ్మ పోయినం. గుంటూరు దిక్కు చుట్టాలు మర్నాటి పొద్దుగాల గని రాలేరు. ఆగమన్నరు. సారు ఒప్పుకోలే. "ఆత్మ ఇప్పుడు ఈడ్నే తిరుగుతుంటది, పెయ్యిని ఇడువలేక, పైకి పోలేక. ఆలస్యం చేస్తె ఆమెకే కష్టం. నన్ను కాయించొద్దు కొడుకా అని అమ్మ ముందే అన్నది."

కడిగేటందుకు ఆడోళ్లే కావాలె. వీణత్త ఒక్కతే. నేను చీర కొంగు చెక్కిన. నాయనమ్మ నీళ్లు పోసింది. వీణత్త చెప్పినట్టు, ఎంత కడుగుతె అంతే గుడ్డ తొలగించి, మిగతా కప్పి ఉంచినం. మాణిక్యమ్మ తన ఆఖరి బట్టలు ఎప్పుడో తనే కుట్టుకొని పెట్టుకున్నది. తెల్లటివి, జేబులు లేవు, ముళ్లు లేవు. అంతా అయినంక వీణత్త ఆమె చెవి కాడ వంగి, "అత్తయ్యా, మా చేతుల ఏదన్న తప్పు జరిగితె క్షమించు" అన్నది. సారు రోజూ ఎందుకు మాఫీ అడిగేదో అప్పుడు తెలిసింది. పెయ్యిని ముట్టే ముందు, ముట్టినంక, లోపలున్నామెను అడగాలె.

బయట సారు అరుగు మీద కూసొని ఉన్నడు. మొకం చూసి నాయనమ్మ అడిగింది: "ఇంకేం ఫికర్ బిడ్డా? అన్నీ అయినయి గద."

"కద్దీష్ అని ఒక ప్రార్థన ఉంటదమ్మా. కొడుకు చెప్పాలె. దాంట్ల చావు మాటే ఉండదు. దేవుని పేరు గొప్పది, ఆయన రాజ్యం మన దినాలల్ల తొందరగ రావాలె అని ఉంటది. అది చెప్పినప్పుడల్ల పోయినామె ఆత్మ ఒక మెట్టు ఎక్కుతది. చెప్పాలంటె పదిమంది మగోళ్లు నిలబడాలె. మా నాయిన పోయిననాడు లేకుండె. చెప్పలే. ముప్పై నాలుగేండ్ల సంది ఆయన ఏ మెట్టు మీద ఆగిండో అని..."

"నిలబడితె చాలా?"

"మావోళ్లే, దేవునితోని ఒడంబడికల ఉన్నోళ్లే అయ్యుండాలె అమ్మా."

నాయనమ్మ కోపం చాన రోజులకు చూసిన. "మాణిక్యమ్మ నా మనిషి అవునా, కాదా?"

"అవును."

"ఆమె నా మనిషైతె నా కొడుకులు ఆమె మనుషులు కారా? నందినీ, మీ బాపుకు ఫోన్ చెయ్యి. మైసయ్యను, అందర్ని రమ్మను. స్నానం చేసి రమ్మను."

పదకొండు గంటలకు పాలు పోసుడు అయిపోయి ఉండె. గంట లోపల్నే వచ్చిండ్రు. బాపు, శ్రవణన్న, మైసయ్య తాత, ఇద్దరు చిన్నాయనలు, తాత దొడ్డిల పనిచేసే నలుగురు. తొమ్మిది మంది పాలోళ్లు, తల తుడుచుకొని, ఉతికిన అంగీలేసుకొని. వీణత్త పుట్టింటోళ్లు తమ సమాధుల తోటల ఒక మూల జాగ ఇచ్చిండ్రు. ఆడ మట్టి పోసినంక సారు వాళ్ల దిక్కు చూసిండు.

"అన్నలారా, ఇది లెక్కకు వస్తదో రాదో నాకు తెల్వదు. లెక్క ఆయనకే ఇడిసిపెడుతున్న. తల మీద ఏదన్న కప్పుకోండ్రి."

తువ్వాళ్లు కప్పుకున్నరు. సారు చదివిండు. ఆ భాష ఒక్క ముక్క మాకు అర్థం కాలే. మధ్యమధ్యల ఆగి మా దిక్కు చూసి "ఆమెన్" అనేది, వీళ్లు గొంతు ఎత్తి అనేది. మైసయ్య తాత అందరికన్న గట్టిగ అన్నడు; ఆయనకు చెవుడు. అయిపోయినంక సారు ఆగలే. రెండోసారి వాళ్ల నాయిన పేరు తీసి మొదటి నుంచి చదివిండు.

మంగళవారం గుంటూరు దిక్కు నుంచి ఏడుగురు వచ్చిండ్రు. వాళ్లల్ల పెద్దాయన షమూయేలు తాత. సారు నేల మీద కూసొని జరిగింది దాచకుండ చెప్పిండు. పెద్దాయన ఆఖరుదాక విన్నడు.

"నియమం నియమమే నాయనా. అది కద్దీష్ కాదు."

సారు తల దించుకున్నడు. నాకు పెద్దాయన మీద కోపమొచ్చింది. లెక్క చూస్తె వాళ్లు ఏడుగురు, సారుతోని ఎనిమిది. వాళ్లున్నా పది కాలే. అప్పుడే పాలు పోసి వచ్చిన మావోళ్లు గడప బయట చెప్పులిడిసి నిలబడ్డరు. పెద్దాయన తలెత్తి చూసిండు.

"వీళ్లేనా?"

"వీళ్లే."

"బయట నిలబెట్టావేం? లోపలికి పిలువు. మీ అమ్మ బతికుంటే ఊరుకునేదా?" అని చాపల ఒక పక్కకు జరిగిండు. అందరు సర్దుకొని కూసున్నంక సారుతోని అన్నడు: "కద్దీష్‌కు పదిమంది కావాలి. చదువు చెప్పడానికి ఎదురుగా ఒక్కడుంటే చాలు. పోయినవాళ్ల పేరు మీద నేర్పిన మాట కూడా వాళ్లని పైకెక్కిస్తుంది. మీ నాన్న నోటుబుక్కు ఉంది కదా. వీళ్లకి చెప్పు. కొడుకు కద్దీష్ చెప్పాల్సిన పదకొండు నెలలూ."

సారు అట్లనే చేసిండు. ప్రతి శనివారం పొద్దున పాలు పోసినంక మావోళ్లు ఫలక్‌నుమాకు పోయేది. సారు నోటుబుక్కు విప్పి ఒక పేజీ చదివి చెప్పేది. శనివారం పొయ్యి ముట్టియ్యరు కాబట్టి వీణత్త శుక్రవారమే చాయ్ చేసి పెద్ద ఫ్లాస్కుల పోసి పెట్టేది. మైసయ్య తాతకు సగం వినబడకపోయేది. పక్కోన్ని పొడిచి ఏమన్నడు అని అడిగేది. కుండలు పగిలిన ముచ్చట మూడుసార్లు చెప్పించుకున్నడు. పోయిన నెల ఒకనాడు బాపు, ముందటి ఇంటి కిరాయోళ్లతోని జరిగిన తగాదల నోరు జారబోయి ఆగిండు. ఎందుకాగినవని అడిగితె, "వాని లోపల కూడ ఏదో ఇంత ఉంటదట గద" అని గొణిగిండు.

పదకొండు నెలలు నిండిన శనివారం సారు నోటుబుక్కు మూసి అందరికీ దండం పెట్టిండు. "ఇయ్యాల్టితోని అయిపోయింది అన్నలారా. మీ రుణం తీర్చుకోలేను. వచ్చే వారం నుంచి మీకు ఈ తిప్పల లేదు."

సరే అని లేచి వచ్చిండ్రు.

మళ్ల శనివారం పొద్దున తొమ్మిదికి బాపు అంగీ మార్చుకుంటుండు. ఎక్కడికని అడిగిన. తనకే అప్పుడు యాదికొచ్చినట్టు నిలబడి, "ఊకె, సూసొస్త" అన్నడు. పోయేసరికి మైసయ్య తాత అప్పటికే చాప మీద కూసున్నడట. ఆయన ఎనక ఇద్దరు. ఎవలు రమ్మన్నరని సారు అడిగితె, తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఏంది? చదువు, చదువు" అన్నడట. వీణత్త లోపటికెల్లి ఫ్లాస్కు తెచ్చి పెట్టింది.